బూమ్ కర్ర కొనేముందు కొస బరువు లెక్క

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఒడిశాలోని గుణుపురం చుట్టుపక్కల సవర పల్లెల్లో పెద్దవాళ్ల మాటలు, పాటలు, కథలు రికార్డు చేస్తున్నావు. మధ్యలో స్నేహితులతో కలిసి ఒక షార్ట్ ఫిల్మ్ కూడా తీస్తున్నావు. మైకును మాట్లాడేవాళ్ల నెత్తిమీదికి చాచి పట్టడానికి మూడు మీటర్ల అల్యూమినియం బూమ్ కర్ర అద్దెకు తెస్తే రెండో టేకుకే భుజాలు లాగేశాయి, హెడ్‌ఫోన్స్‌లో టకటక చప్పుడు వచ్చింది, ఫ్రేములోకి మైకు బొచ్చు తొడుగు దిగిపోయింది. నాలుగు మీటర్ల కార్బన్ ఫైబర్‌ది కొనేస్తే ఈ బాధలన్నీ తీరతాయా అని అడిగావు.

తీరవు. భుజం నొప్పి ఇంకా పెరుగుతుంది, మిగతా రెండూ ఉన్నచోటే ఉంటాయి. కర్ర దేనితో చేశారు, ఎంత పొడవుంది అనేవి తర్వాతి మాటలు. ముందు దాని కొసన ఎన్ని గ్రాములు వేలాడదీస్తున్నావో అది చూడాలి. ఎవరైనా బూమ్ కొంటామంటే నేను మొదట అడిగేది అదే. చాలామంది దగ్గర జవాబు ఉండదు.

లెక్క చెబుతాను, కాగితం మీద వేసుకో. కర్ర పొడవు మూడు మీటర్లు. వెనక చెయ్యి కర్ర చివరన, ముందు చెయ్యి దానికి ఒక మీటరు దూరంలో. అంటే ముందు చేతి నుంచి మైకు దాకా రెండు మీటర్లు. కొసన మైకు, కుదుపు తగలకుండా దాన్ని పట్టి ఉంచే షాక్ మౌంట్, గాలిని ఆపే గూడులాంటి బ్లింప్, దాని మీద బొచ్చు తొడుగు అన్నీ కలిపి 700 గ్రాములు అనుకో. అప్పుడు వెనక చేత్తో 1.4 కిలోల బలంతో కిందికి నొక్కిపట్టాలి, ముందు చేతి మీద 2.1 కిలోలు పడుతుంది. ఇప్పుడు రెండు చేతులూ దగ్గరికి తెచ్చి మధ్యన అర మీటరే వదులు. వెనక చేతికి 3.5 కిలోలు, ముందు చేతికి 4.2 కిలోలు. కర్ర సొంత బరువు దీనికి అదనం. అదే కర్ర, అదే మైకు. చేతుల మధ్య దూరం సగమైతే ముందు చేతి మీద బరువు రెండింతలైంది, వెనక చేతికి రెండున్నర రెట్లైంది. నీ భుజాలు రెండో టేకుకే లాగేశాయంటే చేతులు దగ్గరగా పెట్టి పట్టుకుని ఉంటావని నా అనుమానం. కొత్తవాళ్లందరూ అలాగే పడతారు.

ఇంకో వైపు నుంచి కూడా చూడు. కొసన 700కి బదులు 250 గ్రాములే ఉంటే, చేతుల మధ్య మీటరు దూరంతో, వెనక చేతికి అర కిలో, ముందు చేతికి ముప్పావు కిలో. కర్ర బరువులో 200 గ్రాములు తగ్గించడానికి కార్బన్ ఫైబర్‌కి వేలు పోస్తారు. ఆ కర్ర బరువు పొడవంతా పరుచుకుని ఉంటుంది, అందులో ఎక్కువ భాగం నీ చేతుల వైపే. కొసన తగ్గించిన 200 గ్రాములు మాత్రం ప్రతి గ్రామూ భుజానికి తెలుస్తుంది. కాబట్టి డబ్బు తక్కువైతే కర్ర మీద మిగుల్చుకుని మౌంట్, తొడుగుల మీద పెట్టు.

మైకు సంగతి కొంచెం చెప్పక తప్పదు. సెన్‌హైజర్ ఎంకేహెచ్ 416 అందరికీ తెలిసిన షాట్‌గన్, అంటే ఎదురుగా ఉన్న శబ్దాన్నే ఎక్కువగా పట్టే గొట్టం మైకు. పాతిక సెంటీమీటర్ల పొడవు, సుమారు 170 గ్రాములు. తేమను బాగా ఓర్చుకుంటుందని దానికి పేరు. మన జిల్లాల్లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలిలో నీళ్లే కదా, ఆ గుణానికి విలువుంది. అయితే గదుల్లో షాట్‌గన్ అన్నిసార్లూ మంచిది కాదు. దాని గొట్టం పక్కల నుంచి వచ్చే సన్నని, పై స్థాయి శబ్దాన్ని కోస్తుంది గాని బొంగురు, కింది స్థాయి శబ్దాన్ని పెద్దగా కోయలేదు. గోడలకు తగిలి వెనక్కి వచ్చే శబ్దం పక్కల నుంచి దూరేటప్పుడు రంగు మారిపోతుంది. నాలుగు పక్కలా సిమెంటు గోడలు, పైన స్లాబు ఉన్న గదిలో మాట డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. అలాంటి చోట ఆ పొడుగు గొట్టం లేకుండానే ముందు వైపు శబ్దాన్ని ఎక్కువగా పట్టే పొట్టి మైకు, సూపర్ కార్డియాయిడ్ అంటారు, అది మేలు. ఎంకేహెచ్ 50 లాంటిది 100 గ్రాములే తూగుతుంది. ఖరీదు మాత్రం ఎక్కువే, అదే జాతిలో చవకవి చాలా ఉన్నాయి. లోపల తీసేటప్పుడు బ్లింప్ అక్కర్లేదు, నురగ తొడుగు చాలు. తొడుగు అసలే లేకుండా మాత్రం పెట్టకు. కర్రను చటుక్కున తిప్పినప్పుడు పుట్టే గాలే బుర్రుమని రికార్డవుతుంది.

నువ్వు తీసేవి ఎక్కువగా పల్లె ఇళ్లు కాబట్టి ఒక సంతోషం. మట్టి గోడ, గడ్డి కప్పు ఉన్న ఇంట్లో శబ్దం అంతగా తిరగబడదు. డబ్బు పెట్టి కట్టిన స్టూడియో గదిలో లేని నిమ్మళం అక్కడ దొరుకుతుంది. రేకు కప్పు ఇంట్లో మాత్రం వాన చినుకు పడిందా, ఆ పూటకు సర్దేసుకోవడమే.

ఇక కర్ర. బయట దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు, అల్యూమినియం, కార్బన్ ఫైబర్. అల్యూమినియం చవక, మొరటుగా వాడుకోవచ్చు, వేలు తగిలితే గంటలా మోగుతుంది, ఏప్రిల్ ఎండలో పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. సొట్ట పడిందంటే ఆ గొట్టం ఇంక లోపలికి జారదు. కార్బన్ తేలిక, చేతి చప్పుడును కొంత మింగుతుంది, గాని దాని మీద జీపు తలుపు పడితే చీలుతుంది. చీలిన చోట పోగులు చేతిలో గుచ్చుకుంటాయి, జాగ్రత్త. కంపెనీల్లో అమెరికా కె-టెక్, జర్మనీ ఆంబియంట్, ఆస్ట్రేలియా రోడ్ ఎక్కువగా వినబడే పేర్లు. మొదటి రెండూ పెద్ద సినిమాలవాళ్ల ధరలు. కార్బన్ అని రాసి అమ్మే పేరులేని కర్రల్లో మంచివీ ఉన్నాయి, వంగిపోయేవీ ఉన్నాయి. ఫోటో చూసి తేల్చలేం.

అందుకని పరీక్ష చెబుతాను. అర కిలో కందిపప్పు పొట్లం తీసుకుని దుకాణానికి వెళ్లు. కర్ర పూర్తిగా లాగి, అన్ని బిగింపులూ బిగించి, కొసన పొట్లం కట్టి, అడ్డంగా పట్టుకో. ఎంత వంగిందో పక్కనున్నవాణ్ణి చూడమను. కొంచెం వంగడం సహజం, విల్లులా వంగితే వద్దు. తర్వాత చిన్నగా పైకీ కిందికీ ఆడించి ఆపు. కొస ఎంతసేపు ఊగుతోందో చూడు. నువ్వు ఆపాక కూడా రెండు మూడు సెకన్లు ఊగే కర్రతో ఇద్దరి సంభాషణ పట్టలేవు. మైకు ఒకరి నుంచి ఇంకొకరికి తిప్పి ఆపేలోపు మాట అయిపోతుంది. ఆఖర్న కర్రను నిలువుగా పట్టుకుని గొట్టాలను మెలితిప్పి చూడు. బిగించాక కూడా ఏ గొట్టమైనా తిరుగుతోందా? తిరిగితే ఆ బిగింపు అరిగిపోయిందని అర్థం. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే వాపసు గడువులోపే ఈ మూడూ చేసెయ్యి. బరంపురంలోనో విశాఖలోనో చేత్తో పట్టి చూసే అవకాశం ఉంటే బస్సు ఛార్జీ దండగ కాదు.

పొడవు విషయం. కుర్చీలో కూర్చున్న పెద్దాయన మాటలకు రెండు మీటర్లు ఎక్కువే. కథాచిత్రానికి మూడు మీటర్లు సరిపోతాయి. నాలుగూ ఐదూ దూరపు ఫ్రేములు పెట్టే పెద్ద సెట్లకు. నీ సినిమాలో అలాంటి షాట్ ఒకటో రెండో ఉంటే, నటుడి చొక్కాలో కాలర్ మైకు దాచు, లేదంటే ఫ్రేము కింద నుంచి బూమ్ పెట్టు. నువ్వు తిరిగేది బైకు మీద, బస్సులో, గుణుపురం రైల్లో. మడిచినప్పుడు ఎంత పొడవుందో దానికే ఎక్కువ విలువ ఇవ్వాలి. మడిస్తే ముప్పావు మీటరు దాటనిదైతే బైకుకి నిలువుగా కట్టుకోవచ్చు. గొట్టాల సంఖ్య పెరిగే కొద్దీ మడిస్తే పొట్టిదవుతుంది గాని, అతుకులు పెరిగి కొస సన్నబడి ఊపు ఎక్కువవుతుంది. నాలుగైదు గొట్టాల్లో మూడు మీటర్లు వచ్చేది తీసుకో.

వెదురు వాడొచ్చా అని ఇంకొకరు కింద అడిగారు. వాడొచ్చు. కొండ వెదురు ఆరబెట్టింది తేలిగ్గా, బిగువుగా ఉంటుంది, ఊపు తక్కువ. ఇబ్బంది మడతపెట్టలేకపోవడమే. కణుపుల దగ్గర నునుపు చేయించుకో, లేకపోతే అరచెయ్యి కదిలినప్పుడల్లా గరగర. షాక్ మౌంట్‌కి ఉండే మర 3/8 అంగుళానిది. వడ్రంగి చేత అదే కొలత బోల్టు కొసన దింపించి, చుట్టూ గట్టిగా తాడు చుట్టించు. రంగులు వేసేవాళ్ల పొడవాటి రోలర్ కర్ర కూడా పనికొస్తుంది, దాని మర వేరు కాబట్టి కొసను మార్చుకోవాలి. వీటిని తక్కువగా చూడక్కర్లేదు. రెండు వేల రూపాయల మౌంట్ ఉన్న వెదురు, మౌంట్ లేని యాభై వేల కార్బన్ కంటే మంచి సౌండ్ ఇస్తుంది.

పట్టుకోవడం గురించి. కాళ్లు భుజాల వెడల్పున దూరంగా పెట్టు, మోకాళ్లు బిగబట్టకు. చేతులు తలపైకి ఎత్తినప్పుడు మోచేతులు దాదాపు నిటారుగా ఉండాలి. మోచెయ్యి వంచితే కండ మోస్తుంది, నిటారుగా ఉంటే ఎముక మోస్తుంది. రెండు చేతుల మధ్య మీటరు పైనే దూరం ఉంచు. ముందు చెయ్యి కర్రను మోసే ఆధారం మాత్రమే, వేళ్లతో పిడికిలి బిగించకు, చూపుడు వేలు బొటనవేలు మధ్య సందులో ఆనించు. తిప్పడం, ఎత్తడం, దించడం అన్నీ వెనక చేతి పని. ఇంటర్వ్యూ పావుగంట సాగుతుందంటే కర్రను మెడ వెనక భుజాల మీదికి దించి, కావిడి మోసేవాడిలా రెండు చేతులూ పైన వేసి నిలబడొచ్చు. కదలని మనిషికి ఇది పనికొస్తుంది, నడిచేవాళ్లకు కాదు.

మైకును కొసన ఎలా పెడతావో దాన్నిబట్టి సగం పని తేలికవుతుంది. కర్రకు అడ్డంగా, కొంచెం ముందుకు వాలేలా, కిందికి చూస్తున్నట్టు పెట్టు. అప్పుడు కర్రను వేళ్ల మధ్య కొంచెం దొర్లిస్తే చాలు, మైకు ఎడమకీ కుడికీ మళ్లుతుంది. ఇద్దరు ఎదురెదురుగా మాట్లాడుకుంటుంటే కర్ర వాళ్ల మధ్యకు వచ్చేలా నిలబడి, దొర్లిస్తూ ఉండు. చేతులు జరపక్కర్లేదు. చేతులు జరపడమే చప్పుడుకు తల్లి. ఇద్దరిలో గొంతు తగ్గించి మాట్లాడే వాళ్ల వైపు కొంచెం మొగ్గు. గట్టిగా మాట్లాడేవాడు ఎలాగూ వినబడతాడు.

మైకు ఎంత దగ్గరుండాలి? ఫ్రేము ఒప్పుకున్నంత. నోటికి కొంచెం ముందు, పై నుంచి, ఛాతీ మొదలు వైపు గురి. 60 సెంటీమీటర్ల నుంచి 30కి దించితే మాట 6 డెసిబెల్స్ పెరుగుతుంది, చుట్టూ ఉన్న ఫ్యాను మోత, కీచురాళ్ల రొద అంతే ఉంటాయి. ఈ మధ్య జూమ్ ఎఫ్3 లాంటి 32 బిట్ ఫ్లోట్ రికార్డర్లు, అంటే గట్టి శబ్దాన్నీ చిన్న శబ్దాన్నీ లెవెల్ సర్దకుండానే పట్టేవి, వచ్చాక, లెవెల్ తర్వాత చూసుకుందాంలే అని దూరం నుంచి పట్టేస్తున్నారు. ఆ రికార్డరు గొంతు పగలకుండా కాపాడుతుంది. దూరంలో పోయిన మాటను మాత్రం తిరిగి తేలేదు, మాట పెంచితే రొద కూడా అంతే పెరుగుతుంది.

నీ పనికి ఈ దూరం సంగతి మరీ ముఖ్యం. సవర ముండా కుటుంబానికి చెందిన భాష. తెలుగుకీ, పక్క కొండల్లోని కువి భాషకీ చుట్టం కాదు, ఒడియాకీ కాదు. అందులో కొన్ని మాటలు గొంతులోనే చటుక్కున ఆగిపోతాయి, చివరి హల్లు బయటికి వదలరు. మైకు దూరంగా ఉంటే ఆ చివరి ముక్క గది గుయ్యిలో కలిసిపోతుంది, రేపు రాసుకునేవాడికి ఆ మాట ఎక్కడ ముగిసిందో తెలియదు. గిడుగు రామమూర్తి గారు మా పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ, సవర మాటలు చెవితో విని కాగితం మీద పెట్టిన మనిషి. ఎదురుగా కూర్చుని, మళ్లీ అనమని అడిగి రాసుకునే వీలు ఆయనకుంది. నీ రికార్డు వినేవాడికి ఆ వీలు లేదు. కథాచిత్రం పాడైతే డబ్బింగ్‌లో చూసుకుంటారు, మన సినిమాలన్నీ ఏళ్ల తరబడి అలాగే బతికాయి. 80 ఏళ్ల సవర ముసలమ్మ పాటకు డబ్బింగ్ ఎవరు చెబుతారు?

ఇదే దారిలో ఇంకో మాట. బూమ్ పట్టేవాడు రాబోయే మాటకు సిద్ధంగా ఉండాలి. కథాచిత్రంలో అయితే సంభాషణ బట్టీపడితే సరిపోతుంది, పట్టాలి కూడా. నువ్వు తీసే పల్లెలో స్క్రిప్టు లేదు. పైగా ఒకే అరుగు మీద మామ సవరలో మొదలుపెడతాడు, సంతకు వెళ్లొచ్చిన కొడుకు ఒడియాలో అందుకుంటాడు, నీ వైపు తిరిగి తెలుగులో ముగిస్తాడు. భాష రాని బూమ్ మనిషి ఎప్పుడూ ఒక మాట వెనకే ఉంటాడు. అందుకే బలమైన కుర్రాణ్ణి వెతక్కు, సవర వచ్చిన కుర్రాణ్ణో అమ్మాయినో వెతుకు. బలం నెలలో వస్తుంది. అలాంటి మనిషి దొరకనప్పుడు పెదాలు చూడకు, ఊపిరి చూడు. మాట్లాడబోయే మనిషి ముందు ఊపిరి లోపలికి తీసుకుంటాడు, భుజం లేస్తుంది, గడ్డం కొంచెం ఎత్తుతాడు. ఆ క్షణంలో కర్ర దొర్లించడం మొదలుపెడితే మొదటి అక్షరానికి చేరుకుంటావు.

పెద్దవాళ్ల నెత్తిమీద బొచ్చు జంతువులాంటిది వేలాడదీస్తే వాళ్లు బెదురుతారు, అది వాళ్ల తప్పు కాదు. ముందే చేతికిచ్చి తడమనివ్వు, హెడ్‌ఫోన్స్ పెట్టి వాళ్ల గొంతు వాళ్లకే వినిపించు. పిల్లలకైతే ఒక్కొక్కరికీ వినిపించాల్సిందే, లేకపోతే షూటింగ్ సాగనివ్వరు. సవర ఇళ్ల చూరు బాగా కిందికి ఉంటుంది. లోపల పైనుంచి పట్టే చోటు లేకపోతే కర్రను నడుము దగ్గర పట్టుకుని కింది నుంచి పైకి గురిపెట్టు. కింది నుంచి పడితే ఛాతీ మోత కొంచెం ఎక్కువ వస్తుంది, పర్లేదు. గోడ మీద దేవతల బొమ్మలు రాసి ఉంటే, కర్ర వెనక కొస ఎక్కడ తిరుగుతోందో ఒక కన్నేసి ఉంచు. అవి అలంకారం కోసం వేసిన బొమ్మలు కావు. కర్ర కొస తగిలి గీత పడిందంటే, ఆ ఇంటికి నువ్వు మళ్లీ వెళ్లలేవు.

నీ టకటకకు వద్దాం. నాలుగు చోట్ల వెతుకు. ఒకటి, లోపలి వైరు. కర్ర లోపల నుంచి వెళ్లే వైరు తిన్నగా వదులుగా ఉంటే కదిలినప్పుడల్లా గొట్టానికి కొట్టుకుంటుంది, ఇలాంటి చప్పుడు అన్నప్పుడు నేను ముందు చూసేది దాన్నే. స్ప్రింగులా చుట్టిన వైరైతే కొట్టుకోదు. వైరు బయట నుంచి తీసుకెళ్తే కర్ర చుట్టూ నాలుగైదు చుట్లు తిప్పి రెండు చోట్ల వెల్క్రో పట్టీ వెయ్యి. మైకు దగ్గర మాత్రం చిన్న ఉచ్చులా వదులు వదలాలి, వైరు బిగువుగా ఉంటే మౌంట్ ఆపిన కుదుపును వైరే మైకుకి మోసేస్తుంది. రెండు, బిగించని గొట్టం. బయటికి లాగని గొట్టానికి కూడా బిగింపు బిగించే ఉండాలి. ఏ గొట్టాన్నీ చివరిదాకా లాగకు, నాలుగు వేళ్లంత లోపలే ఉంచు, అతుకు గట్టిగా ఉంటుంది. పూర్తి పొడవు అక్కర్లేనప్పుడు లావు గొట్టాలు ముందు తియ్యి, కొసనున్న సన్నవి తర్వాత. మూడు, షాక్ మౌంట్ రబ్బర్లు సాగిపోయి మైకు చట్రానికి తగలడం. నాలుగు, నీ చేతులు. ఉంగరం, కడియం, గడియారం తీసెయ్యి, నూలు చేతొడుగులు వేసుకో. రికార్డరులో 80 నుంచి 100 హెర్ట్జ్ దగ్గర లో-కట్ (కింది స్థాయి శబ్దాన్ని కోసే సెట్టింగు) పెడితే మిగిలిన గుడగుడ తగ్గుతుంది. కర్ర పట్టినవాడి చెవికి హెడ్‌ఫోన్స్ ఉండి తీరాలి. వినకుండా బూమ్ పట్టడం నీడ చూసి బాణం వెయ్యడమే.

ఫ్రేములోకి దిగే బాధకు మందు కెమెరామన్ దగ్గరుంది. రిహార్సల్లో మైకును కావాలనే ఫ్రేములోకి దించి, అక్కడి నుంచి మెల్లగా ఎత్తుతూ, ఎక్కడ కనబడకుండా పోయిందో చెప్పమను. వెనకున్న కిటికీ అంచో కొమ్మో గురుతు పెట్టుకో. బొచ్చు తొడుగు బ్లింప్ కంటే వెడల్పు, గురుతు బొచ్చుకు పెట్టుకోవాలి. లైట్లు వాడుతుంటే ప్రధాన లైటుకు ఎదురు వైపు నిలబడు, నీడ ముఖం మీద పడదు. నటుడి చూపు వెళ్లే దారిలో నిలబడకు. ముదురు రంగు బట్టలు, మెత్తని చెప్పులు.

గాలికి బ్లింప్, పైన బొచ్చు, రెండూ కావాలి. గోపాల్‌పూర్ సముద్రపు ఒడ్డునా, మహేంద్రగిరి కొండ మీదా ఒట్టి నురగ తొడుగు దేనికీ చాలదు. చలికాలం పొద్దున్నే కొండ మీద తీసి కిందికి వెచ్చని గదిలోకి తెచ్చినప్పుడు మైకును సంచిలోంచి వెంటనే తియ్యకు, నెమ్ము పడుతుంది. వంశధార ఇసుకలో తీసిన రోజు కర్రను మడిచే ముందు ప్రతి గొట్టాన్నీ తడిగుడ్డతో తుడువు. ఒక్క ఇసుక రేణువు బిగింపులోకి పోతే గీకుతూనే ఉంటుంది. జారడం లేదని నూనె రాయకు, తర్వాత బిగింపు పట్టదు. గోడకు నిలబెట్టకు, పడిపోతే ముందు నేలకు తగిలేది మైకే.

అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది ఇది. కార్బన్ ఫైబర్ కూడా కరెంటును మోస్తుంది. అల్యూమినియం సంగతి చెప్పక్కర్లేదు, తడిసిన వెదురును కూడా నమ్మకు. మన పల్లెల్లో పదకొండు వేల వోల్టుల తీగలు పొలాల మీద ఎంత కిందికి వేలాడుతున్నాయో నీకు తెలుసు. నువ్వు ఆరడుగులు, పైకెత్తిన చెయ్యి, ఆపైన మూడు మీటర్ల కర్ర. చూపు నటుడి మీద ఉంటుంది, తీగ మీద ఉండదు. షాట్ పెట్టే ముందు ఒకసారి పైకి చూసి, తీగ కింద చోటయితే చోటు మార్చమను, దర్శకుడు గొణిగినా సరే. రైల్వే ప్లాట్‌ఫారం మీద పైన ఉండేది పాతికవేల వోల్టులు, అక్కడ అనుమతి ఉన్నా కర్ర పైకెత్తొద్దు, కాలర్ మైకు వాడు. ఉరుము వినబడితే కర్ర మడిచి ఇంట్లోకి పో. పిడుగుపాటును ఒడిశా ప్రభుత్వం 2015లో రాష్ట్ర విపత్తుల్లో చేర్చిందంటే ఊరికే కాదు.

ఇప్పుడు నీ బడ్జెట్‌కి నేనైతే ఇలా చేస్తాను. మూడు మీటర్ల మామూలు అల్యూమినియం కర్ర, కందిపప్పు పరీక్షలో నెగ్గింది. వైరు బయట నుంచి. మంచి రబ్బరు షాక్ మౌంట్, బయటికి బ్లింప్, బొచ్చు, లోపలికి నురగ తొడుగు. చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్. కార్బన్ కర్ర ఈ ఏడాదికి వద్దు. కొనేలోపు అద్దె కర్ర కొసన అర లీటరు నీళ్ల సీసా కట్టి, ఇంట్లో టీవీలో వార్తలు చదివేవాళ్ల మీద గురిపెట్టి రోజూ కాసేపు నిలబడు. చర్చా కార్యక్రమమైతే ఇంకా మంచిది, నలుగురు ఒకేసారి అరుస్తారు, దొర్లించడం అలవాటవుతుంది. నీ దగ్గర ఇప్పుడున్న మైకు ఏదో రాయలేదు. పేరు, బరువు రాస్తే కొసన మొత్తం ఎంతవుతుందో లెక్కేసి మౌంట్ ఏది సరిపోతుందో చెబుతాను.